డిప్యూటీ హెడ్మాస్టరు గారి ఉత్తరం

ఆఫ్రికా నుంచి తిరిగి వచ్చాక నాన్న ఏడేళ్ల పాటు ఒకే ఉత్తరం రాశారు. రాసిందే రాశారు. ఆదివారం భోజనాలయ్యాక ఖరగ్‌పూర్ ఖరిదాలోని మా పెంకుటింటి ముందు గదిలో, కిటికీ పక్కనున్న బల్ల ముందు కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టేవారు. అమ్మ సాయంత్రం టీ పెట్టే వేళకు నాలుగైదు కాగితాలు నిండేవి. వాటిని మొదటి నుంచీ చదువుకుని, మడిచి, మంచం కింది రేకుపెట్టెలో పడేసేవారు. వచ్చే ఆదివారం మళ్లీ మొదటి వాక్యం నుంచి.

ఆ ఉత్తరం అక్కడ ఉన్న ఒక తల్లికి. నాన్న పనిచేసిన బడిలో ఆమె కొడుకు చనిపోయాడు. తప్పు నాదమ్మా అని ఆమెకు చెప్పుకోవాలి. ఆమె తిట్టినా సరే, శపించినా సరే, ఆ మాట ఆమె చెవిన పడాలి. నాన్నకు అంతకు మించిన కోరిక ఉండేదని నేననుకోను. కొత్త చొక్కా కొన్నా బీరువాలోనే ఉండిపోయేది. కూరలో ఉప్పు తక్కువైనా మాట్లాడేవారు కాదు. ఆ నాలుగు కాగితాల దగ్గర మాత్రం ఒక్క మాట కోసం గంట సేపు ఆలోచించేవారు.

నేనేమో ఓపిక లేని మనిషిని. అన్నం ఉడికే లోపు పదిసార్లు మూత తీసే రకం. అమ్మ నన్ను తిట్టిన తిట్లలో సగం ఆ మూత గురించే. నాన్న అలా ఏడేళ్లు ఒక ఉత్తరాన్ని ఉడకబెడుతూ ఉంటే నాకు ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరిన మనిషి. నాన్న మా వంశంలో మొదటి బి.ఏ. మా ఊరి తెలుగు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన క్లాసులో పిల్లలు గట్టిగా ఊపిరి కూడా పీల్చేవారు కాదట. అరవైల మధ్యలో పేపర్లో ప్రకటన చూశారు. కొత్తగా స్వతంత్రం వచ్చిన జాంబియాలో బళ్లకు మాస్టర్లు కావాలని. ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టారు. రమ్మని కబురొచ్చాకే ఇంట్లో చెప్పారు. అప్పుడు నాకు పదేళ్లు.

అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. తాత మాత్రం మీసం దువ్వుకుంటూ, "ఎల్లనీయే. నాను సీకాకులం నుంచి ఇంత దూరం రానేదేటి? ఆడు మరో నాలుగు టేసన్లు ముందుకెల్తాడు, అంతే కదేటి," అన్నాడు. నాలుగు స్టేషన్లట! బొంబాయి దాకా రైలు, అక్కణ్ణించి ఓడ, మళ్లీ లారీలో రెండు రోజులు. నాన్న వెళ్లాక అమ్మా, నేనూ తాత దగ్గరే ఉన్నాం.

నెలకు రెండు నీలం ఉత్తరాలు వచ్చేవి. గుమ్మంలో నిలబడి బిగ్గరగా చదివే పని నాది. రెండో ఏడు నాన్న డిప్యూటీ హెడ్మాస్టరయ్యారు. ఆ ఉత్తరంతో పాటు ఒక ఫోటో వచ్చింది. నలుగురు. మధ్యలో హెడ్మాస్టరు గారు, పొడుగ్గా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. ఆయన ఆ దేశం మనిషే. ఎక్కడో మిషన్ బంగళాలో వంటమనిషి కొడుకట. ఆయన కుడి పక్కన కోటు వేసుకుని మా నాన్న. ఎడమ పక్కన హాస్టలు చూసుకునే ఇంగ్లీషు కుర్ర మాస్టరు. చివర కుర్చీలో పిల్లల బాగోగులు చూసే మేట్రన్, తెల్ల బట్టల్లో ఒక పెద్దావిడ. మూడు వందల పైచిలుకు మగపిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడికి ఆ నలుగురే పెద్దలు.

ఆ ఫోటో పట్టుకుని నేను ఖరిదా అంతా తిరిగాను. "ఆఫ్రికాలో పులులుంటాయంట కదే గుంటా, మీ బాబుకి బయ్యం నేదా?" అని ఒకావిడ అడిగితే, ఆఫ్రికాలో పులులుండవు, సింహాలుంటాయని చెప్పి, ఆవిడ ముఖం చూసి తృప్తిపడి వచ్చాను. పక్కింటి బెంగాలీ దీదీ ఫోటో చూసి, "ఈ మధ్యలో ఉన్నాయన ముఖం ఎంత శాంతంగా ఉంది!" అంది. నాకు నచ్చలేదు. నేను చూపించింది మా నాన్నని.

ఆ హెడ్మాస్టరు గారి మీద నాన్న ఉత్తరాల్లో గౌరవమూ ఉండేది, విసుగూ ఉండేది. "చాలా మంచి మనిషి. కానీ మరీ నిదానం," అని రాశారొకసారి. రోజూ సాయంత్రం భోజనానికి ముందు ఆయనే స్వయంగా మైదానంలో నిలబడి అందరి పేర్లూ పిలిచేవారట. పిల్లవాడు పలకాలి, ఆయన వినాలి. గొంతు వింటే ఎవడికి జ్వరమో, ఎవడు ఏడ్చాడో తెలుస్తుందని ఆయన వాదన. ముప్పావు గంట పట్టేది. అన్నం చల్లారిపోయేది. అన్నమంటే అన్నం కాదు, మొక్కజొన్న పిండితో చేసిన ముద్ద, మన చోడిముద్ద, అదే రాగిముద్ద లాంటిది. చల్లారితే రాయి. లెక్కల మాస్టారికి ఆ ముప్పావు గంట వృథా సహించలేదు.

ఇక ఆ బోర్డు సంగతి. మా వర్క్‌షాపులో పనిచేసిన వాళ్లకు తెలుసు. ఒక్కో మనిషికి నంబరు కొట్టిన ఒక్కో ఇత్తడి బిళ్ల. సైరన్ ఆగేలోగా దాన్ని గేటు దగ్గరి బోర్డు మీద తన మేకుకు తగిలించాలి. ఆగగానే బోర్డు తలుపు మూసేస్తారు. బిళ్ల ఉంటే మనిషి వచ్చినట్టు, లేకపోతే రానట్టు. ఎనిమిది తొమ్మిది వేల మంది లెక్క ఒక్క చూపులో తేలిపోయేది. నాన్న ఆ సైరన్‌కే లేచి, ఆ సైరన్‌కే పడుకుని పెరిగిన మనిషి. హెడ్మాస్టరు గారితో నెల రోజులు వాదించి ఒప్పించారు. వడ్రంగం నేర్పే మాస్టరు బోర్డు చేశాడు. ఇనుప పని నేర్చుకునే పిల్లలు డబ్బా రేకుతో బిళ్లలు కత్తిరించారు. గంట కొట్టగానే ఎవరి బిళ్ల వాళ్లు తగిలించడం, వెంటనే భోజనం.

"ఐదు నిమిషాల్లో అయిపోతోంది," అని ఆ ఉత్తరంలో రాశారు నాన్న. "హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు గానీ సంతోషంగా లేరు. మేట్రన్ ఇంకా పక్కల దగ్గరికి వెళ్లి చూస్తూనే ఉంది. అలవాటు పడతారు."

నేను చదవడం ఆపగానే తాత మోకాలు చరుచుకుని నవ్వాడు. "మా సాపు ఆప్రికా ఎల్లిపోనాదిరో!" అన్నాడు. సాపంటే వర్క్‌షాపు. ఆ ఊపులో నాన్న పుట్టిన రోజు కథ మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ పొద్దున నాయనమ్మకు నొప్పులొచ్చాయి. తాత ఇంట్లోనే ఉండిపోయాడు. సైరన్ మోగింది. వర్క్‌షాపులో తాత పక్కన పనిచేసే మనిషి తన బిళ్లతో పాటు తాత బిళ్ల కూడా తగిలించేశాడు. "ఈడు బూమ్మీద పడ్డప్పుడు నాను సాపులో చక్రాలు తిప్పుతున్నాను, రైల్వే లెక్క పెకారం!" అనేవాడు తాత. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. ఎన్నిసార్లు విన్నా నవ్వొచ్చే కథ అది. ఆ రోజు నవ్విన వాళ్లలో ఒక్కరికీ ఇంకో ఆలోచన రాలేదు.

మరో ఏడాదికి ఉత్తరాలు పలచబడ్డాయి. నెలకొకటి, ఆ తర్వాత రెండు నెలలకొకటి. "క్షేమం. పని ఎక్కువ." అంతే. ఆ మధ్యలోనే తాత పోయాడు. అదే ఏడు చివర్లో నాన్న గడువు కంటే ముందే వచ్చేశారు. స్టేషనుకి వెళ్లాం. రైలు దిగిన మనిషిని అమ్మ గుర్తుపట్టింది, నేను పట్టలేదు. కోటు భుజాల మీద వేలాడుతోంది.

వారం తిరక్కుండానే తెలుగు హైస్కూలు కమిటీ కార్యదర్శి వచ్చాడు. రిటైరయిన ఫోర్‌మన్, తాతని ఎరిగిన మనిషి. గోల్‌బజార్ నుంచి మిఠాయి పొట్లం తెచ్చాడు. మా బడికి హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా ఉంది. నాన్న దగ్గర ఆఫ్రికా హెడ్మాస్టరు ఇచ్చిన సర్టిఫికెట్ ఉందని అమ్మ ఆయనకు ముందే చెప్పింది. ఆయన దాన్ని చదివి తల ఊపాడు. "క్రమశిక్షణ తెలిసినవారు, పిల్లల క్షేమం కోరేవారు," అని ఉంది అందులో.

"బాబూ, సేరిపో. సోమవారం నుంచే," అన్నాడు కార్యదర్శి.

"నేను బడికి రానండి," అన్నారు నాన్న.

"ఏటి, రెస్టు గావాలా? వొచ్చే నెల సేరు."

"ఇంక ఏ బడికీ రానండి. నాకు పిల్లల్ని అప్పగించకండి."

పొట్లం విప్పకుండానే ఆయన వెళ్లిపోయాడు. అమ్మ నిప్పులు కక్కింది. "ఏటండీ మీకేటైనా పట్టిందేటి? నాలుగేళ్లు మొగుడుండీ మొగుడు నేనిదాన్లా బతికినాను. ఇదిగో హెడ్మాస్టరుగిరీ గుమ్మంలోకొస్తే తన్నేస్తారా?" నేను పక్కనుంచి ఎగదోశాను. నేనదే బడిలో చదువుతున్నాను. మా నాన్నే హెడ్మాస్టరని చెప్పుకోవాలని ఎంత ఆశపడ్డానో. "అక్కడ నల్లవాళ్ల పిల్లలకి చెప్పగలిగారు గానీ మాకు చెప్పలేరా?" అన్నాను. పదిహేనేళ్ల దాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నాన్న నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. పది రోజులకు గోల్‌బజార్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరారు. పెళ్లి శుభలేఖలు, సంస్మరణ కార్డులు, దుర్గాపూజ కరపత్రాలు. లెక్కల మాస్టారు తెలుగులో, ఇంగ్లీషులో, వచ్చీరాని బెంగాలీలో అచ్చుతప్పులు వెతుకుతూ కూర్చున్నారు.

ఆదివారాల రాత మొదలైంది అప్పుడే. రెండేళ్లు నేను పట్టించుకోలేదు. పాత స్నేహితులకు రాసుకుంటున్నారనుకున్నాను. ఒకసారి ఇల్లు దులుపుతూ రేకుపెట్టె లాగాను. అమ్మ చేపల కోసం గోల్‌బజార్ వెళ్లింది. నాన్న వాకిట్లో పేపరు చదువుకుంటున్నారు. పెట్టె నిండా ఇంగ్లీషులో రాసిన కాగితాలు, అన్నిటి మీదా ఒకటే సంబోధన. అమ్మా, మీ అబ్బాయి చావుకు నేను కారణం. ఇంకోదానిలో, అమ్మా, మీరు నన్ను ఎరగరు. మరోదానిలో, అమ్మా, బోర్డు నాది.

ఒక కాగితం పట్టుకుని బయటికొచ్చాను. "ఇదేంటి నాన్నా?"

పేపరు మడిచి పక్కన పెట్టుకున్నారు. చదవొద్దని అనలేదు. ఎవరో ఒకరు అడగాలని చూస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పారు, క్లాసులో భాష కాదు.

"బోర్డు పెట్టిన ఏడాదికి, ఒక శనివారం. పద్నాలుగేళ్ల కుర్రాడు, నదికి సేపలకెల్లినాడు. సీకటి పడేలోగా వొచ్చీస్తాననీసి తన బిళ్ల స్నేహితుడి సేతికిచ్చినాడు. ఆ స్నేహితుడు గంట కొట్టగానే రెండూ తగిలించీసినాడు. నేను బోర్డు సూసినాను. అన్నీ ఉన్నాయి. సంతకం పెట్టినాను."

"తర్వాత?"

"రాళ్ల మధ్య కాలు ఇరుక్కుపోయినాది ఆ బాబుకి. ఎముక ఇరిగి నెత్తురు కారిపోనాది. స్నేహితుడు బయ్యంతో నోరిప్పనేదు. తెల్లారినాక సెప్పినాడు. అప్పుడెల్లినాం." నాన్న చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నారు. "డాక్టరు సెప్పినాడు, సాలా సేపు బతికే ఉన్నాడంట. పేర్లు పిలిసుంటే సాయంత్రమే తెలిసిపోయీది. ఆ బాబు పలకడు కదా."

నేను ఏదో అనబోయాను. ఆయన ఆగలేదు.

"మా నాన్న బిళ్ల పక్కోడు ఏసినాడని నాకు తెలీదేటి? నా పుట్టినరోజు కతే అది. పుట్టిన కాడ్నించి ఇంటన్నాను. సాపులో స్నేహితం అంటేనే అది, ఒకడి బిళ్ల ఒకడు ఎయ్యడం. అది తెలిసినోడు ఆ దేశంలో నేనొక్కణ్ణే. ఆ మంచి పని ఆ పిల్లలు కూడా సేస్తారని నాకు తట్టనేదు, సూడు."

అక్కడితో అయిపోయి ఉంటే నాన్నకు ఆ భారం కొంత తగ్గేదేమో. దాని తర్వాత ఇంకొకటి ఉంది. విచారణకు రాజధాని నుంచి అధికారులొచ్చారు. హెడ్మాస్టరు గారి గదిలో నలుగురు పెద్దల్నీ కూర్చోబెట్టి, పేర్లు పిలవడం ఆపేసి బోర్డు పెట్టమన్నది ఎవరని అడిగారు. హెడ్మాస్టరు గారు "నేనే," అన్నారు. పక్క కుర్చీలో నాన్న. మేట్రన్ తల తిప్పి నాన్న వైపు చూసిందట.

"నోరు తెరిసినాను. మాట రానేదు. పరాయి దేశం, జైల్లో ఏస్తారేమో, మీ అమ్మ, నువ్వు... అన్నీ ఒక్కసారే బుర్రలోకొచ్చినాయి. సరే, ఆ నిమిషం బయ్యం అనుకో. ఆ ఆపీసర్లు మూడు రోజులున్నారు. మూడు రోజుల్లో ఎప్పుడైనా లేసి ఎల్లి సెప్పొచ్చు. సెప్పనేదు."

హెడ్మాస్టరు గారిని ఆ పదవి నుంచి తీసేసి, ఎక్కడో మారుమూల చిన్నపిల్లల బడికి పంపారు. వెళ్లే ముందు ఆయన చేసిన ఆఖరి పని నాన్నకు సర్టిఫికెట్ రాసివ్వడం. తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారని నాన్న అడిగితే, "ఒప్పుకుంది నేను. నేను ఒప్పుకోకపోతే ఆ బోర్డు గోడెక్కేది కాదు. హెడ్మాస్టరంటే అదే కదా," అన్నారట.

అది విన్నాక నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ నాన్న మీదే. కొన్నాళ్లు ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు. తర్వాత ఆ కోపమంతా ఉత్తరం మీదికి మళ్లింది. చెప్పాలనుకున్న మనిషి చెప్పేయాలి కదా! "ఇంకెన్నాళ్లు దిద్దుతారు? పంపేయండి," అని వారం వారం పోరాను, చెవిలో జోరీగలా. "ఇంకా సరిగ్గా రానేదు తల్లీ," అనేవారు. కొన్ని కాగితాలు నాకు చూపించేవారు కూడా. ఒకదానిలో బోర్డు ఎలా పనిచేస్తుందో రెండు పేజీలు వివరించారు. "ఆ తల్లికి వర్క్‌షాపు గొడవ ఎందుకు నాన్నా?" అన్నాను. అది కొట్టేశారు. ఒకదానిలో తన భయం గురించి రాశారు. "ఇది సాకులా ఉంది," అన్నాను. అదీ కొట్టేశారు. ప్రూఫులు దిద్దే మనిషి కదా, తన తప్పు చెప్పుకునే కాగితంలో తప్పులుండకూడదనుకున్నారు.

నేను కాలేజీ ముగించి, టీచరు ట్రైనింగ్ అయ్యి, అదే తెలుగు బడిలో కింది తరగతులకు చెప్పడం మొదలుపెట్టాను. నాన్న ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉన్నారు. ఒక ఆదివారం రాసింది నాకు బాగా అనిపించింది. ఒకే పేజీ. బోర్డు నాది, ఆజ్ఞ నాది, హెడ్మాస్టరు గారు నన్ను కాపాడారు, నేను కాపాడనిచ్చాను, మీ కాళ్లు పట్టుకోవడానికి రాలేనంత దూరంలో ఉన్నాను. అంతే. కింద సంతకం కూడా ఉంది. "ఇదే పంపండి," అన్నాను. "సూద్దాం," అని మడిచి పెట్టెలో పడేశారు.

సోమవారం బడికి వెళుతూ దాన్ని నా సంచీలో పెట్టుకున్నాను. ఆ తల్లి ఊరి పేరు మాకు తెలియదు. హెడ్మాస్టరు గారి చిరునామా తెలుసు. క్రిస్మస్‌కి ఒకసారి కార్డు పంపారు, నాన్న జవాబు రాయలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆయనకు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాశాను. నేను ఫలానా వారి అమ్మాయిని, దయచేసి ఈ ఉత్తరం ఆ తల్లికి ఆమె భాషలో చదివి వినిపించండి, మా నాన్నకు తెలియకుండా పంపుతున్నాను. పోస్టాఫీసులో తూకం వేయించి, తపాలా బిళ్లలు అంటించి, డబ్బాలో వేశాను. ఇంటికి వచ్చేటప్పుడు నా నడకే మారిపోయింది. ఏడేళ్లలో ఆయన చేయలేనిది నేను ఒక్క పూటలో చేసేశానని నాకెంత గర్వమో!

ఆ ఆదివారం నాన్న పెట్టె తీసి ఆ పేజీ కోసం వెతికారు. కనపడలేదు. అటూ ఇటూ చూసి, మళ్లీ కొత్తగా మొదలుపెట్టారు. నేను వంటింట్లో నిలబడి నాలుక కరుచుకున్నాను గానీ చెప్పలేదు. జవాబొచ్చాక ఒక్కసారే చెబుదామనుకున్నాను.

నాలుగున్నర నెలలకు వచ్చింది. నా పేరు మీద, బడికి. అక్కడే విప్పి చదివాను. చదివాక ఆ రోజు మిగతా పీరియడ్లు ఎలా చెప్పానో నాకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి నాన్న ప్రెస్సు నుంచి వచ్చి వాకిట్లో కూర్చున్నారు. జరిగింది చెప్పాను. నా దొంగతనం, పోస్టు, అన్నీ. ఆయన ముఖంలోకి ఒక వెలుగొచ్చింది. అది నేను చూశాను. ఎందుకు చూశానా అని ఇప్పటికీ అనుకుంటాను.

"సదువు," అన్నారు.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. చదివాను. సారాంశం ఇది.

"అమ్మాయీ, నీ ఉత్తరం వానాకాలంలో అందింది. ఆమె ఊరు ఇక్కడికి ఒక రోజు నడక. మీ నాన్నగారి ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆమె వేరుశెనగలు ఒలుస్తోంది. నాకు పీట వేసింది, ఎప్పుడూ వేసే పీటే. మొదటి ఏడు ఆమె మా బడికి వచ్చి అందరి ముందూ నన్ను శపించింది. రెండో ఏడు వచ్చి, నా కొడుకు ఏం తినేవాడు, ఎలా చదివేవాడు అని అడిగింది. నాకు తెలిసినదంతా చెప్పాను. మూడో ఏడు నా పిల్లలకు వేరుశెనగలు తెచ్చింది. ఇప్పుడు ఇంటి కప్పు కారితే నాకే చెబుతుంది. ఆమెకు వేరే పిల్లలు లేరు. ఆ సాయంత్రం దాకా ఆ పీట మీదే కూర్చున్నాను. ఉత్తరం చదవలేదు. చదివితే ఆమె మళ్లీ మొదటి నుంచి ద్వేషించడం మొదలుపెట్టాలి, తను ఎన్నడూ చూడని మనిషిని, వచ్చి ఆ పీట మీద కూర్చోలేని మనిషిని. నేను కూర్చోగలను. అందుకని తిరిగొచ్చి దాన్ని కాల్చేశాను. మీ నాన్నకు కోపం రావచ్చు. ఇంక ఆమెకు రాయవద్దని చెప్పు. స్నేహితుడిగా కాదు, ఆయన హెడ్మాస్టరుగా చెబుతున్నానని చెప్పు."

నాన్న మళ్లీ చదవమన్నారు. చదివాను.

"పీట ఏసినాదన్నాడా?" అని అడిగారు.

"అవును నాన్నా."

"ఆ పీట నాది."

అంతగా మా నాన్న ఎన్నడూ ఏడ్వలేదు, నేను చూడగా. గొంతులోంచి శబ్దం రాలేదు, భుజాలు మాత్రం ఊగిపోయాయి. అమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, ఏమిటో తెలియక నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి, "ఇంకోటి రాయండి నాన్నా, ఎవరి చేతనైనా నేరుగా పంపుదాం, ఊరి పేరు కనుక్కుంటాను," అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "ఆయన హెడ్మాస్టరు తల్లీ. ఆయన మాట ఒకసారి ఇననేదు నేను."

తర్వాతి ఆదివారం భోజనమయ్యాక ఆయన బల్ల దగ్గరికి వెళ్లలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. వాకిట్లో కుర్చీలో కూర్చుని వీధిలోకి చూసేవారు. అమ్మ మొదట సంతోషించింది, ఆ కాగితాల పీడ వదిలిందని. నెల తిరిగేసరికి ఆవిడే, "ఏటండీ, ఏటైనా రాసుకోండి," అని బతిమాలడం మొదలుపెట్టింది. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఇంకా ఆరేళ్లు బతికారు.

రాస్తున్నంత కాలం, ఎప్పుడో ఒక రోజు ఆ తల్లి వింటుందన్న ఆశ ఉండేది ఆయనకు. అందుకే పంపలేదేమో, పంపితే ఆ ఆశ కూడా పోతుందని తెలుసునేమో. అది నాకు తట్టలేదు. మూత తీసేశాను. నాన్న ఆ ఆరేళ్లలో ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.